పిల్లి ఎదురు రాకూడదని

మా ఆఫీసులో ఒకామె కొత్తగా పిల్లిని తెచ్చుకుంది. అప్పటినుంచి మధ్యాహ్నం డబ్బా విప్పగానే నాకు ప్రశ్నలు మొదలు. ఊరికి పోతే ఎన్ని రోజులు ఒంటరిగా ఉంటుంది, ఎవరికి అప్పజెప్పాలి, గిన్నె నిండా పాలు పోసి పోతే చాలదా అని. చాలదమ్మా, పెద్ద పిల్లికి పాలు పడవు, కడుపు పాడవుతుంది అని చెప్తాను. రోజుకు రెండుసార్లు ఒక మనిషి రావాలి అని చెప్తాను. వచ్చిన మనిషిని గిన్నె ఖాళీ అయిందా అని అడగొద్దు, పిల్లి కళ్ళకు కనపడిందా అని అడుగు అని మరీ మరీ చెప్తాను. ఈ చివరి మాట నాకు ఎలా తెలిసిందో ఆమెకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మేముండేది మల్కాజ్‌గిరిలో, రైలు పట్టాలకు రెండు వీధుల ఇవతల. కింద నేను, మా ఆయన, మా అత్తమ్మ. పై పోర్షన్‌లో ఒక ముస్లిం పెద్దావిడ ఒక్కతే ఉంటుంది, మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తాం. పదకొండేళ్ళుగా పొద్దస్తమానం చీరలకు ఫాల్స్ కుడుతూ కూర్చుంటుంది. కుట్టుమిషన్ చప్పుడుకు చెవులు మొద్దుబారి, ఆమెతో ఏది చెప్పినా రెండుసార్లు చెప్పాలి. ఇక పిల్లి. తెల్లది, ఒక చెవి మాత్రం గోధుమరంగు. పేరు విషయంలో మా ఇంట్లో రాజీ కుదరలేదు. ఖాలా బిల్లీ అంటుంది, అత్తమ్మ ఏమే అంటుంది. అది రెంటికీ పలకదు.

మొదట్లో ఒకసారి ఊరెళ్తూ అల్వాల్‌లో ఒకాయన దగ్గర వదిలాం. మంచివాడే, పంజరాలు కూడా శుభ్రంగా ఉన్నాయి. కానీ పక్క గదిలో కుక్కలు మొరుగుతుంటే మాది రెండు రోజులు ముద్ద ముట్టలేదు. బొల్లారంలో పశువుల డాక్టరమ్మ నన్ను నిలబెట్టి చీవాట్లు పెట్టింది. మనిషి ఉపవాసం ఉన్నట్టు పిల్లి ఉండలేదట, రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతింటుందట. అప్పటినుంచి పిల్లి ఇంట్లోనే, మేము ఊళ్ళో. వీధి తలుపు తాళంచెవి ఖాలా దగ్గర. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కిందికి దిగివచ్చి తిండి పెట్టి, నీళ్ళు మార్చి, ఇసుక తట్ట శుభ్రం చేసి పోతుంది.

ఇంతవరకు ఎవరింట్లోనైనా ఉండే ఏర్పాటే. మా ఇంట్లో దీనికి ఒక తోక ఉంది. మా అత్తమ్మకు శకునం పట్టింపు. బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురు రాకూడదు. అందుకని ఆటో పిలవకముందే పిల్లిని పట్టుకుని వంటింటి పక్క సామాన్ల గదిలో వేసి గొళ్ళెం పెడుతుంది. మా ఆటో వీధి మలుపు తిరగగానే ఖాలా దిగివచ్చి గొళ్ళెం తీస్తుంది. పిల్లిని ఇంట్లో పెట్టుకుని పిల్లి శకునం చూసే మనిషి ఈ భూమ్మీద మా అత్తమ్మ ఒక్కతే అని నేను ఖాలాతో చెప్పి నవ్వేదాన్ని. అత్తమ్మ ముందే నవ్వేదాన్ని. "నవ్వు నవ్వు, నీకేం ఎరుక" అనేదామె.

ఈ ఎండాకాలం మా ఆడబిడ్డకు కాన్పు. అంతకు ముందు రెండుసార్లు నెలలు నిండకుండానే పోయాయి. ఈసారి నిలిచింది. కరీంనగర్‌లో బుధవారం మధ్యాహ్నం ఆపరేషన్ అన్నారు. మా ఆయన ముందురోజే వెళ్ళాడు. మేమిద్దరం పొద్దున నింపాదిగా బయలుదేరదామనుకున్నాం. ఆరున్నరకు ఫోన్ వచ్చింది.

"పదకొండుకే తీస్కపోతమంటున్నరు. బీపీ పెరిగిందట. జల్ది రండ్రి" అన్నాడు మా ఆయన.

ఇక చూసుకోండి. అత్తమ్మ దేవుడి గదిలోంచి లేవడం లేదు. నేను ఒక చేత్తో సంచి సర్దుతూ ఒక చేత్తో ఆటోకు ఫోన్ చేస్తున్నాను. అప్పుడు చూశాను పిల్లిని. వీధి గడప మీద, సరిగ్గా నడిమధ్యన కూర్చుని నన్నే చూస్తోంది. నేను ఇవన్నీ నమ్మను. నిజంగానే నమ్మను. కానీ ఆ క్షణాన పోయిన ఇద్దరు పిల్లలూ గుర్తొచ్చారు, ఎందుకొచ్చిన గొడవ అనిపించింది. అత్తమ్మ చూస్తే, నమ్మనిదానివి నువ్వెందుకు మూస్తున్నావని అడుగుతుందేమోనని సిగ్గేసింది. దాన్ని చంకలో వేసుకుని వెనక, అత్తమ్మ పడుకునే పడకగదిలోకి తోసి తలుపు దగ్గరికి వేశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే, నన్ను ఎవరూ చూడలేదనుకున్నాను.

అయిదు నిమిషాల తర్వాత, ఊరెళ్ళిన ప్రతిసారీ చేసే పనే చేశాను. బీరువా ఉన్న గది కాబట్టి పడకగదికి తాళం కప్ప వేసి, చెవి హ్యాండ్‌బ్యాగులో పడేశాను. చేతులు చేసుకుపోయాయి. బుద్ధి అప్పటికే కరీంనగర్ చేరింది.

అత్తమ్మ వచ్చి సామాన్ల గది దగ్గర, హాల్లో మంచం కింద వెతికింది. "ఏమే, యాడున్నవే" అని రెండు పిలుపులు పిలిచింది. ఆటోవాడు హారన్ కొట్టాడు. "కనపడకపోతెనే మంచిదాయె, నడువు" అంది. మేము వెళ్ళిపోయాం.

మేము చేరేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. అత్తమ్మ ఆసుపత్రి వరండాలోనే కూలబడి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ రోజంతా ఎవరు ఏం పంపినా అందరికీ దండం బొమ్మ ఒకటే జవాబు పంపాను. ఖాలాకూ అదే.

ఖాలా ఆ రెండు రోజుల్లో గొంతు రికార్డు చేసి మూడు మెసేజీలు పంపింది. బుధవారం సాయంత్రం, "బేటా, బిల్లీ సామాన్ల గదిల లేదు. అలిగి యాడనో దాక్కున్నది. గిన్నె పెట్టి వచ్చిన" అని. ఊరెళ్ళినప్పుడు అది మొదటి రోజు దాక్కోవడం మామూలే. గురువారం పొద్దున, "గిన్నె మొత్తం ఖాళీ చేసింది, పరేషాన్ గాకు" అని. సాయంత్రం నవ్వుతూ, "ఇసుక తట్ట సుత సాఫ్ ఉన్నది, నాకు పనే లేదు" అని.

ఇన్నేళ్ళు పిల్లిని సాకినదాన్ని. రెండు పూటలు గిన్నె ఊడ్చిన పిల్లి ఇసుక తట్టలో అడుగు పెట్టలేదంటే ఏమిటని ఒక్క క్షణం ఆలోచిస్తే అప్పుడే తెలిసేది. నేను పసిదాని గోళ్ళు చూస్తూ మళ్ళీ దండం బొమ్మ పంపాను. ఆ సాయంత్రం నామీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఫోటో వచ్చింది. మా వంటింటి గట్టు పక్కన, మా గిన్నెలో తల పెట్టి తింటున్న ఒక నల్ల గండుపిల్లి. వెంటనే ఫోన్.

"బేటా, ఈ దొంగ కిటికి పైన కంతలకెంచి వచ్చి తినిపోతున్నడు. మన బిల్లీ యాడున్నది? ఇల్లంత చూసిన. లేదు."

 ఫోన్ పెట్టేయకుండానే నేరుగా అత్తమ్మ మీదికి లేచాను.

"పిల్లిని యాడ పెట్టినవ్?"

"నేను ముట్టనే లేదు బిడ్డా. ఆ రోజు నాకు కనపడనే లేదు."

"ఎప్పుడూ మూసేది నువ్వే కద. నీ శకునాలు నీవి. యాడ మూసినవో యాది చేసుకో."

వార్డులో మంచాల మీది మనుషులంతా మావైపు తిరిగారు. అత్తమ్మ నుదురు పట్టుకుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి. పెదవులు కదులుతున్నాయి, ఆ పొద్దుటి ఒక్కో పనీ లెక్కపెట్టుకుంటోంది. "దీపం పెట్టిన... మందు వేసుకున్న... పిల్లిని..." అని ఆగిపోయింది. "నేనే పెట్టిన్నేమో. యాదికొస్తలేదు బిడ్డా" అంది.

ఖాలా ఫోన్‌లో ఏదో అంటోంది, చార్జింగ్ అయిపోవస్తోంది. చార్జర్ కోసం హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టాను. వేళ్ళకు చల్లగా తాళంచెవి తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. చంకలో దాని బరువు, తలుపు మూస్తుంటే సందులోంచి చూసిన ఆ గోధుమరంగు చెవి, అంతా గుర్తొచ్చింది. పడమటి గది. కిటికీలు మూసి ఉన్నాయి. ఫ్యాన్ కట్టేసి ఉంది. తిండి లేదు. బుధ, గురు, ఇప్పుడు శుక్రవారం.

"ఖాలా, పడకగది తాళం పగలగొట్టు" అని అరిచాను. వినపడలేదు. మళ్ళీ అరిచాను.

 ఖాలా మెల్లగా అంది. "బేటా, అది నీ బంగారమున్న గది. నేను ఒక్కదాన్ని. రేపు ఎవరన్న ఏమన్నంటే నాకు జవాబు లేదు."

"నేనేమన్న అంటనా ఖాలా?"

"నువ్వనవు. ఊరు అంటది. జెర వీడియో పెట్టు. నువ్వు చూస్తుండు, నేను కొడ్త."

ఇన్నేళ్ళుగా మా ఇంటి తాళంచెవి ఆమె దగ్గరుంది. అయినా ఆ మాట అనాల్సి వచ్చింది ఆమెకు. ఆ సిగ్గు పడే తీరిక కూడా నాకు లేదప్పుడు. మా ఆయన ఫోన్‌లో వీడియో కలిపాను. ఖాలా తన ఫోన్‌ను గిన్నెల అలమరలో నిలబెట్టి, తలుపుకు చెవి ఆనించింది. "బిల్లీ, బిల్లీ" అంది. నాకేమీ వినపడలేదు. "ఏమన్న వినపడ్డదా ఖాలా" అంటే తల అడ్డంగా ఊపింది. ఆమె చెవులకు వినపడలేదో, లోపల చప్పుడే లేదో తెలియక నేను వార్డు బయట కాలుకాలిన పిల్లిలా తిరిగాను.   ఖాలాకు సుత్తి దొరకలేదు. పచ్చడి బండ తెచ్చి కొట్టింది. కప్ప ఊడలేదు. ఏడు దెబ్బలో ఎనిమిది దెబ్బలో, చివరికి గొళ్ళెం మేకులతో సహా చెక్కలోంచి ఊడివచ్చింది.

ఖాలా ఫోన్ తీసుకుని లోపలికి నడిచింది. తలుపు లోపలి వైపు కింద జానెడు మేర రంగు గీరేసి ఉంది. కర్టెన్ చిరిగి నేల మీద పడి ఉంది. పిల్లి కనపడలేదు. ఖాలా మోకాళ్ళ మీద కూర్చుని మంచం కిందికి చూసింది. చెయ్యి చాపి లాగింది. తడిసిన గుడ్డలాగా వచ్చింది అది. తల నిలవడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఉన్నది బేటా" అంది ఖాలా. "ఊపిరి ఉన్నది."

మంచం పక్కన అత్తమ్మ రాగి చెంబు పక్కకు పడిపోయి ఉంది. రాత్రి తాగి మిగిల్చిన నీళ్ళు అందులో ఉంటాయి. ఒలికిన ఆ సగం చెంబు నీళ్ళు నాకి బతికింది. ఖాలా దుపట్టాలో చుట్టి బొల్లారం తీసుకుపోయింది. డాక్టరమ్మ మూడు రోజులు సెలైన్ ఎక్కించింది. ఇంకో పూట ఆలస్యమైతే తన చేతిలో ఏమీ ఉండేది కాదంది. నేను మరునాడు పొద్దున వెళ్ళేసరికి అది నన్ను చూసి మొహం తిప్పుకుంది. తిప్పుకోనీ.

ఆ శుక్రవారం ఆసుపత్రిలో ఫోన్ పెట్టేయగానే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పడకగదిల పెట్టిన్నా? నువ్వు తెల్వక తాళమేసినవ్. నాదే తప్పు బిడ్డా, పాపం మూటగట్టుకున్న" అంది. కాదు అత్తమ్మా అనడానికి ఒక్క మాట చాలు. నోరు తెరిచాను. చుట్టూ జనం, మా ఆయన ఎదురుగా. కొంచెం ఆగి చెబుదామనుకున్నాను. ఖాలాకు ఆమే చెప్పింది తానే మూశానని. తర్వాత వీధిలో అందరికీ చెప్పింది.

పిల్లి కోలుకుంది. అత్తమ్మ కోలుకోలేదు. ఇప్పుడు గ్యాస్ కట్టేసిందో లేదో మూడుసార్లు చూసుకుంటుంది. బీపీ మాత్ర వేసుకుని గంటకు, "వేసుకున్ననా నేను?" అని నన్ను అడుగుతుంది. మందుల డబ్బా నాకు అప్పజెప్పింది. ఆమె జ్ఞాపకానికి ఏ రోగమూ లేదు. ఆ పొద్దున తానేం చేసిందో ఆమెకు ఉన్నదున్నట్టు గుర్తుంది. అది తప్పని ఆమెను నమ్మించింది నేను.

ఇరవై ఒకటో రోజు పసిదాని తొట్టెల వేడుకకు మళ్ళీ కరీంనగర్ బయలుదేరాం. అత్తమ్మ ఈసారి పిల్లిని ఏ గదిలోనూ పెట్టలేదు. గేటు దాకా తానే ఎత్తుకొచ్చి, మా ఎదురుగా, అందరూ చూస్తుండగా ఖాలా చేతుల్లో పెట్టింది. శకునం మాటే ఎత్తలేదు. ఆటో ఎక్కబోతూ నా భుజం పట్టుకుంది.

"పిల్లి ఖాలా చేతిల ఉన్నది కద? నువ్వు సుత చూసినవ్ కద?"

"చూసిన అత్తమ్మా."

"నువ్వున్నవ్ కాబట్టి సరిపోయింది బిడ్డా. నాకు ఏదీ యాదికుంటలేదు."

ఆ రోజు మూసింది నేనే అని అక్కడే చెప్పేయొచ్చు. ఖాలా పిల్లి కాలు పట్టుకుని మాకు టాటా చెప్పిస్తోంది. నేను హ్యాండ్‌బ్యాగులో తాళంచెవి ఉందో లేదో చూసుకుని, జిప్పు వేసి, అత్తమ్మ పక్కన కూర్చున్నాను.