నా ఊపిరి విన్న డాక్టరుగారు

మా తాడేపల్లిగూడెం డాక్టరుగారు ఏలూరులో తమ్ముడింట కన్నుమూశారట. పొద్దున రైలు దిగిన మనిషి నా కొట్టు ముందు నిలబడి చెప్పాడు. "ఇలాంటివాటితో ఆటలేమిటయ్యా?" అని కసిరాను. ఊరందరినీ ఆటపట్టించేవాణ్ణి నేను. ఈ ఒక్కసారికి నన్నెవరైనా ఆటపట్టిస్తే బాగుండుననిపించింది.

కొల్లేటి లంకలకు దోనె మీద వెళ్ళి వైద్యం చేసిన మనిషి. ఆయన్నీ నేను వదల్లేదు. ఊపిరాడనట్టు నటించి, ఓ మధ్యాహ్నం విస్తరి ముందునుంచి పరిగెత్తించాను. ఎంగిలిచేత్తోనే వచ్చి, నా గోళ్ళు నీలం తిరగలేదని చూసి, "ఆయాసం వేషం బాగా కట్టావు గాని, రేపు నిజంగా వస్తే ఎవరు నమ్ముతారయ్యా?" అన్నారు.

నిజంగానే వచ్చింది. జ్వరం, కుడి డొక్కలో పోటు, నాలుగడుగులకే రొప్పు. "మళ్ళీ మొదలెట్టారా అండీ?" అంది మా ఆవిడ. ఇరుగుపొరుగు పకపకా నవ్వారు. ఒక ముసలావిడ మాత్రం జాలిపడి డొక్కమీద వాత పెట్టింది. పోటుకి మంట తోడయింది.

డాక్టరుగారు సంచీతోనే వచ్చారు. నా వీపుమీద ఒక వేలు పరిచి, దానిమీద ఇంకో వేలితో తట్టుకుంటూ కిందికి దిగారు.

"కిరసనాయిలు డబ్బాలో ఎంతుందో నువ్వెలా చూస్తావు?"

"తట్టి చూస్తానండి. ఖాళీ ఉన్నమేరా మోగుతుంది."

"ఇదీ అంతే. ఇక్కడిదాకా మోగింది. కిందంతా బండే, మోగట్లేదు."

ఈనాటికీ డబ్బా తట్టినప్పుడల్లా ఆ వేళ్ళే.

అరచెయ్యి ఆనించి ఏదైనా మాట్లాడమన్నారు. "నోరు మూసుకోమనేవాళ్ళే గాని, మాట్లాడమన్నది మీరొక్కరేనండి" అన్నాను. ఆయన నవ్వలేదు.

"కుడివైపు నీ మాట అదురు చేతికి తగలట్లేదయ్యా. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది."

గుండె నీరసించినా, న్యుమోనియా వచ్చినా చేరుతుందట. నాది క్షయ వల్లేనని ఆయన అనుమానం.

నన్ను కుర్చీలో వీపు తనవైపు ఉండేలా తిప్పి కూర్చోబెట్టి, దిండు కౌగిలించుకోమన్నారు. "దగ్గకు. నవ్వించకు." పక్కటెముకల మధ్య సూది దిగింది. సీసాలోకి ఎండుగడ్డి రంగు నీరు దిగసాగింది. కొంత తీసి ఆపేశారు.

"మొత్తం లాగెయ్యండి, పీడా పోతుంది!"

"ఒకేసారి లాగితే ఊపిరితిత్తి తట్టుకోదు. కాస్త ఓర్చుకో."

క్షయకి ఇంకా మందు రాని రోజులవి. తర్వాత నెలల తరబడి పాలు, గుడ్లు, నీరెండ. లేస్తానని మొండికేస్తే, "క్షయకి మందు నా సంచీలో లేదయ్యా, నీ మంచంలో ఉంది" అనేవారు.

ఒక ఉదయం వచ్చి, మెడలో స్టెతస్కోపు గొట్టం ఉండగానే దాన్ని పక్కకి నెట్టి, చెవి నేరుగా నా వీపుకి ఆనించారు. పీల్చమన్నారు. పీల్చాను. ఏమీ అనరు.

"ఏమండీ?"

"ఉండవయ్యా. అడుగుదాకా గాలి వెళ్తోంది. కాసేపు విననీ."

మాసిన గడ్డం వీపుకి గుచ్చుకుంటోంది. ఆయన కళ్ళు మూసుకున్నారని మా ఆవిడ తర్వాత చెప్పింది. అరుగుమీది ఎండ మా ఇద్దరిమీదికీ జరిగింది. నేను పీలుస్తూనే ఉన్నాను. ఆయన వింటూనే ఉన్నారు.