డానియేలన్న గాగుల్స్ పరీక్ష

ఆ ఎండాకాలం సంతోష్‌నగర్‌లో మా గల్లీవాళ్ళను ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేవారు. అందరి కళ్ళ చుట్టూ రెండేసి ఎర్ర సున్నాలుండేవి. దానికి కారణం మా పక్కింటి డానియేలన్న. ఎదురుపడిన ప్రతి మనిషి మొహానికీ ఈత గాగుల్స్ నొక్కి చూడటం ఆయనకున్న ఏకైక జబ్బు.

డానియేలన్న కరెంటు ఆఫీసులో లైన్‌మన్. పొద్దున్నే స్విమ్మింగ్ పూల్‌లో మునిగి, ఆ తర్వాత స్తంభమెక్కే మనిషి. జేబులో టెస్టర్ మరిచిపోయినా గాగుల్స్ మరిచిపోడు. పరీక్ష కూడా సులువే. పట్టీ తలకు తగిలించకుండా ఉత్త అద్దాలను కళ్ళకు నొక్కి చేతులు తీసేస్తాడు. ఊపిరి పీల్చి వదిలేంతసేపు అవే మొహాన్ని పట్టుకుని ఉంటే అవి మనవి. జారితే కావు. జారినవాటిని గాల్లోనే పట్టుకుని, "పట్టీ అబద్ధం చెప్తది గానీ రబ్బరు చెప్పదు" అనేవాడు.

ఇదంతా సోనీ కోసమని అందరికీ తెలుసు. మాదన్నపేట మార్కెట్లో కూరగాయలమ్మే చంద్రమ్మ కూతురు సోనీ. డిగ్రీ చదువుతూ డానియేలన్న దగ్గర ఈత నేర్చింది. పూల్‌లో ఆమెను అందుకోవడం ఎవరి తరమూ కాదు. ఎండాకాలం చివర రిజర్వాయర్‌లో జరిగే ఈతపోటీకి పేరు కూడా ఇచ్చింది. కానీ ఏ గాగుల్స్ పెట్టినా ఎడమ కంట్లోకి నీళ్ళే. ఎప్పుడో ఆటో బోల్తా పడినప్పుడు కనుబొమ్మ చివర కుట్లు పడి, అక్కడ చిన్న గుంట మిగిలింది. పూల్‌లో అయితే గోడ తగిలినప్పుడల్లా ఆగి నీళ్ళు ఒంపుకోవచ్చు. రిజర్వాయర్ మధ్యలో గోడ ఎక్కణ్ణుంచి వస్తుంది? పోటీకి పోనని సోనీ తేల్చేసింది. జుట్టు ఎడమ కంటి మీదికి దువ్వుకుని, గాగుల్స్ మాటెత్తితే చాలు లేచి వెళ్ళిపోయేది.

మాకు అంతుపట్టనిది ఒక్కటే. గాగుల్స్ కావాల్సింది సోనీకి. ఆయన సోనీ జోలికి పోకుండా ఊరందరినీ పట్టుకునేవాడు.

ఒక ఆదివారం ప్రసంగానికి లేవబోతున్న పాస్టరుగారిని ఆపి నొక్కాడు. అవి ఎంతకీ ఊడలేదు. గట్టిగా పీకితే టప్పుమని చప్పుడైంది. ఆ రోజు పాస్టరుగారు చెప్పిన వాక్యం ఒక్కరి చెవికీ ఎక్కలేదు, చర్చి మొత్తం నోటికి చేతులడ్డం పెట్టుకుని కూర్చుంది.

మా నాన్నగారు గుళ్ళో అర్చకులు. ఆయన్నీ వదల్లేదు. నామానికి ఇటొక చక్రం, అటొక చక్రం పడ్డాయి. భక్తులు ఇదేదో విశేష అలంకారమనుకుని మరింత భక్తిగా తీర్థం తీసుకున్నారట. నాన్నగారికి ఇంటికొచ్చి అద్దం చూసుకున్నాక గానీ సంగతి తెలియలేదు.

ఇక నా నిశ్చితార్థం రోజు. పట్టుపంచె కట్టుకుని గడప దాటుతుంటే డానియేలన్న అడ్డం తగిలాడు.

"శ్రీపాదా, జర ఆగు. గిసొంటి ముక్కు మల్ల దొరకది."

ప్రతి ఫోటోలోనూ నేను గుడ్లగూబలా ఉన్నాను. ఆ సాయంత్రం ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పిల్లవాడికి రాత్రుళ్ళు నిద్ర పట్టదా అని పెళ్ళికూతురు మాన్య వాళ్ళ నాన్నను అడిగిందట.

రోజులు గడిచేకొద్దీ ఆయన శాస్త్రం ముదిరింది. పూల్‌కైతే చిన్నవి, తెల్లద్దాలు చాలట. నీడపట్టున నీళ్ళ అడుగున గీత కనిపిస్తే సరిపోతుంది. రిజర్వాయర్‌కు పెద్దవి, నల్లద్దాలు కావాలట. పొద్దుటి ఎండ మొహాన కొడుతుంటే దూరంగా నీళ్ళ మీద తేలుతూ మలుపు చూపించే నారింజరంగు బుడగను వెతుక్కుంటూ పోవాలి కదా. నల్లద్దాలు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి మార్కెట్లో ఎండకెదురుగా తల వంచుకుని నడుస్తూ, మధ్యమధ్యలో తలెత్తి చంద్రమ్మ టమాటాల గంప కోసం చూసేవాడు. ఒకనాడు నేరుగా వచ్చి గంపలోనే కాలు పెట్టాడు.

"అద్దం మస్తున్నది చంద్రమ్మా. గంప సాఫ్ కనబడ్డది."

"కనబడితే ఎందుకు తొక్కినవే అన్నా?"

"ఆగుడు యాదికి రాలే."

ఆ మార్కెట్లోనే అల్లం అమ్మే ఆగయ్య ఉండేవాడు. ఒకప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసేటప్పుడు ఇనుప కొక్కెం తగిలి, అతనికీ ఎడమ కనుబొమ్మ చివర అలాంటి గుంటే పడింది. పాపం, డానియేలన్న చేతిలో అందరికంటే ఎక్కువ సున్నాలు పడింది ఆగయ్యకే. ఎన్ని పెట్టినా జారేవి. చివరికి ఒక పొద్దున మెత్తటి వెడల్పాటి రబ్బరున్న నల్లద్దాలు నొక్కితే నిలిచాయి. ఆగయ్య అలాగే అల్లం తూచాడు, చిల్లరిచ్చాడు, పక్కవాడితో లొల్లి కూడా పెట్టుకున్నాడు. అవి జారలేదు. కూరగాయలకొచ్చిన నేను, తల్లి గంపల వెనక కూర్చున్న సోనీ వైపు చూశాను.

డానియేలన్న మాత్రం సోనీ వైపు తిరిగి కూడా చూడలేదు. వాటిని తుడిచి చంద్రమ్మకు పెట్టాడు, జారాయి. నాకు పెట్టాడు, జారాయి. అప్పుడు గంపల వెనకనుంచి సోనీ లేచి వచ్చింది.

"మామా, నాకొక్కసారి పెట్టు."

"లైన్ల నిలబడు బిడ్డా. నీ ముంగట ఇద్దరున్నరు," అన్నాడు ఆయన, అద్దాలు తుడుస్తూ.

ఆ ఇద్దరి మొహాలమీదా గాగుల్స్ జారాయి. సోనీ తన జుట్టు తానే వెనక్కి తోసుకుంది. డానియేలన్న నొక్కి చేతులు తీశాడు. మార్కెట్టంతా ఊపిరి బిగబట్టింది. అవి కదల్లేదు.

పోటీ రోజు గల్లీ గల్లీ అంతా వ్యానెక్కింది. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు చెదురుతుంటే, అన్ని టోపీల మధ్య సోనీ ఎక్కడుందో తెలియక మేము గట్టు మీద గంతులేస్తున్నాం. ఆమె బుడగ దాటి తిరిగిందని తెలియగానే చంద్రమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గాగుల్స్ కొననీకి పోతే దుకాణంల అందరి ముంగట, గాగుల్స్ మంచియే, నీ మొహమే సక్కగ లేదన్నడు ఆడ అమ్మే పోరడు. గప్పటి సంది పిల్ల అద్దం ముంగట నిలవడలే. మా అన్న గిట్ల ఊరందరి మొహాలకు పెట్టవట్టె. పాస్టరుగారికి తప్ప ఎవలకి జూసినా జారవట్టె. సక్కటి మొహం ఎవలకున్నదని దానికి జూపిచ్చిండు."

నేను ఆశ్చర్యంతో డానియేలన్న వైపు తిరిగాను. ఆ ముక్క నాకు ముందే చెప్పి ఉంటే నిశ్చితార్థం రోజు అన్ని మాటలనేవాణ్ణి కాదు కదా అని అడిగాను.

"చెప్తే నువ్వు నవ్వుకుంట పెట్టిచ్చుకుంటవు. గప్పుడు పిల్ల కనిపెట్టదా?" అన్నాడు.

సోనీ నాలుగోదిగా గట్టు చేరింది. అందరం చప్పట్లు కొడుతుంటే, డానియేలన్న ఎన్నోదని కూడా అడగలేదు. ఆమె తీసిచ్చిన గాగుల్స్‌ను ఎండకు పెట్టి ఎడమ అద్దం లోపల వెతికాడు. ఒక్క చుక్క లేదు. సోనీ కళ్ళ చుట్టూ మాత్రం మా అందరికీ ఉన్నట్టే రెండు ఎర్ర సున్నాలున్నాయి. అలాగే ఫోటో దిగింది, జుట్టు అడ్డం పెట్టుకోకుండా.

నా పెళ్ళి ఫోటోల్లో మాన్య కళ్ళ చుట్టూ కూడా సున్నాలున్నాయి. ఈసారి డానియేలన్న తప్పేమీ లేదు. ఈ కథంతా విన్న మాన్యే మండపానికి వెళ్ళేముందు ఆయన్ని పిలిపించుకుని, కళ్ళు మూసుకుని మొహం ముందుకు పెట్టింది.