సైదులు వద్దన్న బండి

ఎన్నో ఏళ్ళుగా ఒక మనిషి బతుకు నా గుండెల మీద బరువుగా ఉంది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాకు మామగారి కాలపు అంబాసిడర్ ఉండేది. మణుగూరులో మా కాలనీ మొత్తంలో కారు నడిపే ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆ గర్వం నాకు బాగా ఉండేది.

ఒకసారి బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే మెకానిక్ సైదులు షెడ్డుకు తీసుకెళ్ళాను. అతను వెనక చక్రాల డ్రమ్ములు విప్పి చూపించాడు. బ్రేకు సిలిండర్ కారి, చక్రాన్ని పట్టి ఆపే షూలు ఆయిల్‌లో నానిపోయాయి. సామాను ఖమ్మం నుంచి రావాలని, అది వేసేదాకా బండి బయటికి తీయొద్దని చెప్పి, తనే మెల్లగా ఇంటిదాకా తెచ్చి పెట్టాడు. సరేనన్నాను.

మర్నాడు దుమ్ముగూడెంలో అత్తమ్మ చెల్లెలింట్లో శుభకార్యం. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. బస్సులో పోవడం నాకు చిన్నతనంగా తోచింది. మెల్లగా పోతే ఏమవుతుంది అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక నేను కారు దిగుతుంటే చుట్టాలంతా చూడాలనుకున్నానా?

అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. అడవి దారిలో దిగుడు. కింద రోడ్డుకు అడ్డంగా ఎడ్లు. తొక్కాను. పెడల్ నేలకంటింది. మళ్ళీ తొక్కాను. బండి ఆగదు. అత్తమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. హ్యాండ్ బ్రేకు లాగుతూ, ఎడ్లను తప్పించబోయి కల్వర్టు గోడకు కొట్టాను. నాకు గీతలే పడ్డాయి. అత్తమ్మ మోకాలు నుజ్జయింది.

భద్రాచలం దవాఖానాలో మా ఆయన మొదట అడిగింది బ్రేకుల గురించే. సైదులు బాగుచేసి, తీసుకుపొమ్మన్నాడని చెప్పేశాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

సంగతి తెలిసి సాయంత్రం సైదులే వచ్చాడు. మా ఆయన అందరి ముందూ తిట్టాడు. అంతా విని అతను నా వైపు తిరిగాడు.

"అక్కా, నేనేం చెప్పిన్నో నువ్వే చెప్పు."

"బాగైనయన్నవ్ గదా."

ఒక్క క్షణం నన్ను చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మాట కాలనీ అంతా పాకింది. షెడ్డుకు బండ్లు రావడం తగ్గి, చివరికి మూతపడింది. ఇప్పుడు ఖమ్మంలో ఎవరి దగ్గరో పనిచేస్తున్నాడట. అత్తమ్మ పోయేదాకా కుంటుతూ అతణ్ణే శపించింది. పక్కనే కూర్చుని మందులిస్తూ నేనవన్నీ విన్నాను.

ఇది రాసే ముందు మా ఆయనకు చెప్పాను. లేచి వరండాలోకి వెళ్ళి అటు తిరిగి కూర్చున్నాడు. ఇంకా లోపలికి రాలేదు. సైదులు ముందు నిలబడే ధైర్యం నాకు లేదు, క్షమించమని అడిగే హక్కు అసలే లేదు. అయినా చెప్పేశాను. చాలా ఏళ్ళకు ఊపిరి పూర్తిగా లోపలిదాకా పోతోంది.