మైకు మావయ్య కంప్యూటరు మూగబోయింది

“ఏమండీ, మీ ఇంట్లోంచి బస్సులు ఎన్నింటికి బయల్దేరతాయి?”

ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగినాయన, సామాను మూటలు ఇంకా విప్పకుండానే, మా మావయ్యని అడిగిన మొదటి ప్రశ్న ఇది. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగాడు. పొద్దున్నుంచీ ఆయన చెవిన పడ్డవి అలాంటివి మరి.

మావయ్య బస్టాండులో మైకు ముందు కూర్చుని ఉద్యోగం వెళ్లదీశాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ, మైకు వదల్లేదు. రిటైరయ్యాక ఇంట్లోకి ఒక కంప్యూటరు కొన్నాడు. దాని తెర మూలన టింగుమంటూ చిన్న డబ్బా ఒకటి లేస్తుంది కదా, నోటిఫికేషన్ అంటారు. అది లేవడం ఆలస్యం, అందులో ఏముంటే అది వీధి చివరిదాకా వినబడేలా చదివేస్తాడు. మావయ్యకున్నది ఈ ఒక్క అలవాటే. అన్నం తినడం, నిద్రపోవడం లాంటివి మధ్యలో విరామాలు.

“దయచేసి వినండి! కరెంటు బిల్లు కట్టడానికి రేపే ఆఖరి రోజు. కట్టనివారు చీకట్లో కూర్చోవలసిందిగా కోరడమైనది!”

“దయచేసి వినండి! మా ప్రింటర్లో రంగు అయిపోవచ్చింది. అందరూ గమనించగలరు!”

“ఎవరు గమనించాలండీ?” అని వంటింట్లోంచి అత్తయ్య.

“గమనించదలచినవాళ్లు.”

“మన ప్రింటర్లో రంగు లేకపోతే వీధికొచ్చిన నష్టమేమిటి?”

“సమాచారం దగ్గర లాభనష్టాలు చూడకూడదే. ఆలస్యం మాత్రమే చూడాలి.”

ఒకసారి ల్యాబు నుంచి అత్తయ్య రక్తపరీక్ష ఫలితం వచ్చింది. మావయ్య లేచి నిలబడి మరీ చదివాడు. అత్తయ్య కూరగాయలకి వెళితే బండివాడు వంకాయలు తూస్తూ, “ఏంటమ్మా, మీకు కొవ్వు కాస్త ఎక్కువుందటగా? నూనె తగ్గించి వండుకోండి” అన్నాడు. ఆ రోజు ఇంట్లో వంకాయ కూర లేదు, అసలు ఏ కూరా లేదు.

దీనికి తోడు, ఏడాదికేడాది మావయ్య గొంతు పెరుగుతూ పోయింది. మొదట్లో పక్కింటికి వినబడేది. తర్వాత వీధి మలుపుకి. ఆ తర్వాత మలుపు తిరిగి వెళ్లిపోయినవాళ్లు కూడా వెనక్కి వచ్చి ఏమైందని అడిగేవాళ్లు. ఆయనకే చెవుడొస్తోందని మేమంతా తీర్మానించుకున్నాం. పిల్లి మెడలో గంట కట్టే పని మేనకోడలిని కాబట్టి నాకు పడింది.

“మావయ్యా, ఒకసారి చెవులు చూపించుకోరాదూ?”

“నా చెవులకేమే? గుండుసూది పడ్డా వినిపిస్తుంది.”

“మరి ఆ అరుపేమిటి?”

“అరుపు కాదే పిచ్చిమొహమా, ప్రసారం.”

అలాంటి మావయ్య ఒక్కసారిగా మూగబోయాడు. ఆ సంగతి చెప్పడానికి అత్తయ్య నాకు ఫోన్ చేసింది.

“ఒసేయ్ అమ్మాయ్, ఉన్నపళంగా రా. మీ మావయ్య మాట్లాడటం లేదు.”

“అయ్యో, డాక్టర్ని పిలిచారా?”

“ఆయనకేం, రాయిలా ఉన్నారు. పోయింది కంప్యూటరుకి. టింగు లేదు. టింగు లేకపోతే ఆయనకి మాట లేదు.”

“నీ ప్రాణానికి హాయే కదా అత్తయ్యా.”

“హాయే. మరి దర్జీ గారి చెవుల సంగతో?”

ఇక్కడ దర్జీ గారి గురించి చెప్పాలి. మావయ్య గోడకి అవతల గోడ ఆయనది. ఒంటి మనిషి. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో మంచం. కొన్నేళ్లుగా ఆయన చెవులు మూసుకుపోతున్నాయి. కొలతలు చెప్పేవాళ్లు గట్టిగా అరవలేక ఒక్కొక్కరే వేరే కొట్టు చూసుకున్నారు. మిషను చప్పుడు వినబడటమే అరుదైపోయింది. ఆపరేషన్ చేస్తే వినికిడి తిరిగొస్తుందన్నారు పెద్దాసుపత్రి వాళ్లు. అయితే అక్కడ వరస కొండవీటి చాంతాడంత. వంతు వచ్చినప్పుడు కంప్యూటరుకి కబురు పంపుతారు, గంటలోపు ‘వస్తాను’ అని నొక్కాలి, నొక్కకపోతే వంతు వెనకాయనకి పోతుంది. దర్జీకి ఫోన్ లేదు, మోగితే వినబడాలి కదా! అందుకని మావయ్య తన కంప్యూటరు ఇచ్చాడు.

మొదటి కబురు వచ్చింది, పోయింది. టింగుమనలేదు, ఎవరూ చూడలేదు. ఆసుపత్రి గుమాస్తా జాలిపడి, ఈ వారంలోనే ఇంకొక్క అవకాశం ఇప్పించాడు. ఇదీ తప్పితే మళ్లీ వరస చివరికే. మావయ్య మాటిమాటికీ ఉత్తరాల పేజీ తెరిచి చూసుకుంటూ, పొయ్యి మీద పాలు పెట్టినవాడిలా కాపలా కూర్చున్నాడు. అలా ఎన్నాళ్లు కూర్చుంటాడు?

నేను వెళ్లేసరికి, ముందురోజు వచ్చిన కంప్యూటరు మెకానిక్కుని తిట్టడం అత్తయ్య ఇంకా పూర్తి చెయ్యలేదు. “తలనొప్పి అంటే తల తీసేద్దాం అనే రకం. ఏం చెప్పినా, మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కిద్దామంటాడు.”

నేను కుర్చీ లాక్కుని మావయ్యని పక్కకి జరిపాను. “ఈమధ్య దీంట్లో ఏం మార్చావు?”

“నేనేం ముట్టుకోలేదు.”

ప్రపంచంలో పాడైన కంప్యూటర్లన్నీ ఎవరూ ముట్టుకోకుండానే పాడయ్యాయి. కాబట్టి ఆ జవాబుని పట్టించుకోకుండా పనిలో దిగాను. ఆపి మళ్లీ వేశాను. స్పీకరు శబ్దం చూశాను. తేదీ, గడియారం సరిచూశాను. సెట్టింగుల్లో నోటిఫికేషన్ల మీట వేసే ఉంది. ఉత్తరాలకి విడిగా ఉన్న మీట, అదీ వేసే ఉంది. అప్పుడు కనిపించింది, తెర మూలన ఉన్న గంట గుర్తు గుర్రుపెట్టి నిద్రపోతోంది. ‘అంతరాయం కలిగించవద్దు’ అని ఒక మీట ఉంటుంది, అది పడి ఉంది. తీసేసి, నా ఫోన్లోంచి నేనే ఒక ఉత్తరం పంపాను.

టింగ్!

“దయచేసి వినండి!” మావయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. “మా మేనకోడలు ఒక ఉత్తరం పంపింది! అందులో ఏమీ లేదు!”

అత్తయ్య టీ పెట్టింది. నేను విజయగర్వంతో రెండు గుక్కలు తాగానో లేదో, గంట మళ్లీ నిద్రపోయింది.

“మావయ్యా!”

“నేనేం ముట్టుకోలేదు.”

మళ్లీ లేపాను. కాసేపటికి మళ్లీ పడుకుంది. ఈసారి మావయ్యని రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని గోడవైపు నిలబడమన్నాను, ఆ వయసులో, ఆ పెద్దరికంతో. నిలబడ్డాడు. నా కళ్లెదుటే, ఎవరి చెయ్యీ పడకుండానే, గంట కళ్లు మూసింది.

“దిష్టే” అంది అత్తయ్య.

“సెట్టింగుల్లో దిష్టి ఉండదత్తయ్యా” అన్నాను, ఎందుకైనా మంచిదని ఒకసారి వెతికాక.

చేసేదేం లేక చెవులు రిక్కించి కూర్చున్నాను. అప్పుడు తట్టింది. పక్కింట్లో ఆ రోజు మిషను నడుస్తోంది, ఎవరిదో అర్జెంటు చొక్కా కాబోలు. నేను గంటని లేపుతాను. మిషను కటకటమంటున్నంతసేపూ అది మెలకువగానే ఉంటుంది. మిషను ఆగిందంటే చాలు, నిద్రపోతుంది. రెండుసార్లు చూశాను, మూడోసారీ అంతే.

“మావయ్యా, దర్జీ గారి మిషనుకీ మన గంటకీ ఏమిటి చుట్టరికం?”

మావయ్య ముఖంలో రంగు మారింది. “నేనేం...”

“ముట్టుకోలేదు. తెలుసు. ఆ బల్ల జరుపు.”

బల్ల జరిపితే, కంప్యూటరు వీపులోంచి నల్లటి వైరు ఒకటి బయల్దేరి, గోడ వారగా పాక్కుంటూ పోయి, అలమరా వెనక కన్నంలో దూరింది.

“ఏమిటిది?”

“వైరు.”

“వైరని నాకూ తెలుసు. ఎక్కడికి పోతోంది?”

“అటు” అన్నాడు మావయ్య, పైకప్పు వైపు చూస్తూ.

నేను తిన్నగా పక్కింటికి వెళ్లాను. దర్జీ గారు మెడలో టేపుతో, చేతిలో టీ గ్లాసుతో, గోడకున్న పాత టీవీ ముందు కూర్చుని ఉన్నారు. టీవీలో నేను ఇప్పుడే వదిలేసి వచ్చిన సెట్టింగుల పేజీ! దాని మధ్యలో నా బాణం గుర్తు.

“రా అమ్మా, కూర్చో” అన్నారాయన. “ఇవాళ కార్యక్రమం ఏమీ బాగాలేదు. పొద్దున్నుంచీ ఒక్క బాణమే తిరుగుతోంది.” అంటూనే, కరెంటు దండగని టీవీ కట్టేయబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు.

మర్మం వీడిపోయింది. ఒకే బొమ్మ రెండు తెరల మీద కనబడితే, ఇదేదో సభ జరుగుతోందనుకుంటుంది కంప్యూటరు. పదిమంది ముందు యజమాని ఇంటి గుట్టు బయటపెట్టకూడదని, తనంతట తానే నోటిఫికేషన్లు ఆపేస్తుంది. యజమానికి లేని మర్యాద యంత్రానికుంది. దర్జీ పని ఆపి టీవీ వేసుకోగానే గంట నిద్రపోయేది అందుకే. పని లేని రోజుల్లో టీవీ రోజంతా వేసే ఉండేది, ఇక టింగెక్కడిది?

తిరిగొచ్చి మావయ్యని నిలదీశాను. “టీవీకి వైరు లాగానని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!”

“ఏమని చెప్పమంటావే? ఇన్నేళ్లు మైకు ముందు బతికినవాడి గొంతు ఒక్క గోడ దాటలేకపోతోందని చెప్పుకోనా?”

అత్తయ్య చేతిలో గరిట ఆగింది. మావయ్య మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడాడు.

“నేను చదివితే వాడు అట్నుంచి కత్తెరతో గోడమీద రెండు కొట్టేవాడు, విన్నానని. కొన్నాళ్లకి ఒకటే కొట్టాడు, సగమే వినబడిందని. నేను గొంతు పెంచాను. మళ్లీ రెండు కొట్టాడు. మళ్లీ ఒకటి. ఇంకా పెంచాను. ఈమధ్య అసలు కొట్టడమే మానేశాడు. ఇంకెంత పెంచను? కనీసం కళ్లతో చదువుకుంటాడని వైరు లాగాను.”

“అంటే...” అంది అత్తయ్య మెల్లగా, “నా కొవ్వు సంగతి చదివింది కూడా ఆయన కాలక్షేపానికేనా?”

“దానికి మాత్రం మూడు కొట్టాడే.”

ఇలాంటి చోట త్యాగం, స్నేహధర్మం అంటూ పెద్దమాటలు వాడటం నాకు గిట్టదు. మావయ్యకీ గిట్టదు. అందుకని మాట్లాడకుండా మౌస్ అందుకున్నాను. సెట్టింగుల అడుగున ఆ షరతు దొరికింది. ‘ఇదే బొమ్మ మరో తెర మీద కనిపిస్తున్నప్పుడు’ అని, పక్కన టిక్కు. ఆ టిక్కు తీసేశాను. వైరు పీకనక్కర్లేకపోయింది.

టింగ్!

ఆసుపత్రి. ‘మీ వంతు వచ్చినట్టు ఇంతకుముందే తెలిపాము. మీ జవాబుకి గడువు ముగియబోతోంది.’ నేను పొద్దున్నుంచీ కంప్యూటరుని ఆపుతూ వేస్తూ మావయ్యని కాపలా కాయనివ్వలేదు కదా, ఈ రెండో అవకాశం కబురు ఆ గొడవలో వచ్చి పడి ఉందన్నమాట.

మావయ్య లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“ముందు నొక్కండి, తర్వాత చదవండి!” అని అరిచింది అత్తయ్య.

“చదవకుండా ఎలా నొక్కుతానే? పద్ధతొకటి ఉంది. దయచేసి వినండి! పెద్దాసుపత్రికి వెళ్లు దర్జీ గారి చెవులు...”

ఆ డబ్బా ఎంతోసేపు ఉండేది కాదు. నేను మౌస్ పట్టుకునేలోపే, కంప్యూటరంటే పాముని చూసినట్టు చూసే అత్తయ్య, నా భుజం మీదుగా వంగి, పిండి చేత్తో మౌస్ మీద ఒక్క పోటు పొడిచింది. ‘వస్తాను’ వెలిగింది. వెంటనే ఇంకో టింగు. ‘ధన్యవాదాలు. మీ తేదీ ఖరారైంది.’

మేమిద్దరం అత్తయ్య వైపు తిరిగాం.

“నేనేం ముట్టుకోలేదు” అంది అత్తయ్య.

అప్పుడు మోగింది గోడ. రెండు దెబ్బలు. ఆగి, మళ్లీ రెండు. ఆ తర్వాత లెక్కాపత్రం లేకుండా దడదడా కొడుతూనే ఉన్నాడాయన, మా వైపు సున్నం పెచ్చులూడి పడేదాకా. మావయ్య కిటికీ రెక్కలు బార్లా తీసి, ‘వీధిలోని వారందరికీ’ అని మొదలుపెట్టి, మొత్తం కబురు మొదటినుంచీ మళ్లీ చదివాడు. నాకు తెలిసి, ఆ ఒక్కరోజు ఎవరూ తలుపులు వేసుకోలేదు.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. కట్టు విప్పుకుని ఇంటికొచ్చిన పూట, దర్జీ గారు మంచం మీద నడుం వాల్చారో లేదో, ఇవతల టింగుమంది. మావయ్య అలవాటైన స్థాయిలోనే అందుకున్నాడు. మరుక్షణం దర్జీ గారు మా గుమ్మంలో ఉన్నారు, రెండు చెవులూ మూసుకుని.

“ఒరేయ్ మైకూ! ఎందుకురా అలా గావుకేకలు పెడతావ్? నాకేమైనా చెవుడా?”

మావయ్య ముఖం చూడాలి అప్పుడు! ఊరేగింపు చేసి శాలువా కప్పినా అంత వెలిగిపోయేది కాదు.

“వినబడిందా?”

“చచ్చినవాళ్లకి కూడా వినబడింది.”

“ఏం చదివానో చెప్పు?”

“వాన పడుతుందిట. ఆపు ఇక!”

ఆపలేదు. పెంచిన గొంతు దించడం చేతకావడం లేదని ఒప్పుకున్నాడు గానీ, ఆపలేదు. దర్జీ గారికి ఇప్పుడు బేరాలు పెరిగాయి, కొలతలు గుసగుసగా చెప్పినా కుట్టేస్తున్నారు. తీరిక చేసుకుని, మావయ్య కిటికీకి రెండు పొరల మందపాటి పరదా కుట్టి, తానే తెచ్చి తగిలించి, కుట్టుకూలికి చీటీ రాసి చేతిలో పెట్టారు. ‘దయచేసి వినండి’ అంటూ ఆ చీటీ కూడా పరదా తొలగించి మరీ చదివాడు మావయ్య.

డబ్బు మాత్రం ఇంకా ఇవ్వలేదు.