పాకానికి గైడు లేదు

మా కింద వాటా టీచరుగారు మంగళవారం తెల్లవారుజామున పోయారు. సాయంత్రానికి కంకిపాడు దగ్గర వాళ్ళ ఊళ్ళో, అమ్మా నాన్నల పక్కనే సమాధి చేశారు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. కానీ ముందు నా మూకుళ్ళ సంగతి తేలాలి.

ఆవిడ రిటైరైన సైన్సు టీచరు, ఒంటరి మనిషి. ఆదివారం చర్చి నుంచి రాగానే చీర మార్చుకుని, బిల్డింగులో పిల్లలందర్నీ వెంటేసుకుని మా ఇంటికి ఎక్కి వచ్చేవారు. "ఏమ్మా, పొయ్యి ఖాళీయేనా?" అనేవారు. అది ప్రశ్న కాదు. నేను నోరు తెరిచేలోపే పంచదార డబ్బా మూత తెరుచుకునేది. తన వంటిల్లు ఇరుకట, నాది విశాలమట. నిమ్మబిళ్ళలు చెయ్యడం, సైన్సు నేర్పడం ఆవిడ పని. అంటుకుపోయిన గిన్నెలు తోమడం, గండుచీమల్ని తోలడం నా పని.

నేల మీద సుద్దముక్కతో గీత గీసేవారు. పాకం ఉడుకుతున్నంతసేపూ గీత దాటిన పిల్లకి ఆ వారం బిళ్ళ లేదు. పాకం ముదిరాక ఒక చుక్క చన్నీళ్ళలో వేసి, ఉండ చేసి, స్టీలు పళ్ళేనికేసి కొడితే టంగుమని మోగాలి. ఇది ఎవరికైనా తెలిసిందే. ఈవిడ మాత్రం కొట్టబోయే చెయ్యి గాల్లోనే ఆపి, "మోగుతుందా, సాగుతుందా? ఎందుకో ఒక్కొక్కరూ చెప్పండి" అనేవారు. అవతల పాకం మాడుతూ ఉండేది. పొయ్యి కట్టెయ్యమని నేను మొత్తుకుంటే, "మాడనీ అమ్మాయ్, అదీ పాఠమే" అనేవారు. ఆ పాఠానికి నా కొత్త నాన్‌స్టిక్ మూకుడు బలైపోయింది.

జవాబు మాత్రం చచ్చినా చెప్పేవారు కాదు. ఈ మాట ఇప్పుడు రాయకూడదేమో, కానీ నిజం. ఓసారి దోసెల పిండి పులవలేదేమండీ అని అడిగితే, "నువ్వేమనుకుంటున్నావ్?" అన్నారు. నేనేమనుకుంటాను? పొద్దున్నే టిఫిన్‌కి ఏం పెట్టాలా అనుకుంటాను!

ఇదంతా మా అమ్మాయి కోసం భరించాను. ఎనిమిదో తరగతి. మార్కులకి లోటు లేదు. గైడులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేస్తుంది. అందులో లేనిది అడిగితే చెమటలు పట్టి తల దించేసుకుంటుంది. తప్పు చెప్తానేమోనని క్లాసులో చెయ్యెత్తడమే మానేసిందని వాళ్ళ మిస్ నన్ను పిలిచి మరీ చెప్పారు. పాకం దగ్గరా అదే వరస. "ముందు ఆన్సర్ చెప్పండి టీచర్, తర్వాత నేను చెప్తా" అనేది. "పాకానికి గైడు లేదమ్మా. తప్పే చెప్పు, తప్పుకి పన్ను వెయ్యన్లే" అనేవారావిడ. ఇది చెప్పదు, ఆవిడ వదలరు. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకున్నా సరే, వచ్చేవారం మళ్ళీ దాన్నే అడిగేవారు. జాలిపడి ఒక్కసారి చెప్పేస్తే ఏం పోయిందని నాకు ఒళ్ళు మండేది.

మొన్న వేసవిలో ఆవిడకి ఒంట్లో బాగోకపోతే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు రిపోర్టులు తెరవబోతుంటే, "ఆగండి బాబూ, ముందు నేను చెప్తాను, సరిపోయిందో లేదో చూడండి" అన్నారు. చెప్పారు. సరిపోయింది. నయమయ్యే జబ్బు కాదు. తిరిగొచ్చేటప్పుడు నేను ఏడుస్తుంటే, "కరెక్టుగా చెప్పానుగా, ఏడుస్తావేంటమ్మాయ్" అని కసిరారు. అలాంటి మనిషితో ఎలా వేగేది? ఆవిడంటే నాకు చాలా ఇష్టం. అయినా వేగలేకపోయేదాన్ని.

సమాధి అయ్యాక వచ్చిన మొదటి ఆదివారం, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. నాకు ఏడుపూ విసుగూ కలిసి వచ్చాయి. పొయ్యి వెలిగించాను. బయట రెండ్రోజులుగా ముసురు. పాకం బాగానే టంగుమంది, బిళ్ళలూ గట్టిగానే వచ్చాయి. పళ్ళెంలో ఆరబెట్టి గిన్నెలన్నీ తోముకుని వచ్చేసరికి జిగురు కారుతూ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఎండాకాలంలో ఎప్పుడూ ఇలా కాలేదు. పిల్లలంతా నా మొహంలోకి చూశారు.

కారణం నాకు తెలుసు. ముసురులో అప్పడాలు మెత్తబడ్డం చూడని ఇల్లాలు ఉంటుందా? నాలుగు ముక్కల్లో చెప్పేసి పళ్ళెం కడిగేసుకుందామని నోరు తెరిచాను.

"అమ్మా, నువ్వు చెప్పకు" అంది మా అమ్మాయి.

ఒక బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకుని వేలితో నొక్కి చూసింది. నుదుటి మీద చెమట పట్టింది. "గాలిలో తడి తాగేసిందేమో" అంది. "తప్పైతే తప్పైంది. ఇంకో వాయి చెయ్యమ్మా. సగం డబ్బాలో మూత బిగించి పెడదాం, సగం కిటికీలో పెడదాం."

అవునో కాదో నేను చెప్పలేదు. తెలిసిన జవాబుని నోట్లోనే ఆపుకోవడం ఇంత కష్టమని నాకు తెలీదు. ఇన్నేళ్ళూ ఎలా ఆపుకున్నారో ఆ మహాతల్లి. మాడిన మూకుడే మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.

ఇప్పుడు కిటికీ గట్టు మీద పసుపుపచ్చ బిళ్ళలున్నాయి. ఊచల అవతల సన్నగా తుంపర పడుతోంది. పిల్లలు గడ్డాల కింద చేతులు పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా వాటినే చూస్తున్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు.