ఫుట్‌బాల్ సీజన్ అయ్యేదాకా

ఇప్పటికీ ఎవరైనా నా ముందు ఇంగ్లిష్ ఫుట్‌బాల్ మాటెత్తితే ఒళ్ళు మండుతుంది. ఆ ఆట నాకేం ద్రోహం చెయ్యలేదు, నిజమే. నేనెప్పుడూ బంతి తన్నినవాణ్ణి కాను, ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూసినవాణ్ణీ కాను. కానీ ఆరేళ్ళపాటు ఆ ఆటను నలభై ఇళ్ళ టీవీల్లోకి పంపించింది నేనే. నా పొట్ట కొట్టింది కూడా చివరికి అదే.

సౌదీలో, అల్ ఖోబర్‌లో, అల్ అజీజియా వైపు ఒక కాంపౌండ్‌లో నేను ఎలక్ట్రీషియన్‌గా చేసేవాణ్ణి. చుట్టూ ఎత్తైన గోడ, లోపల ఈత కొలను, క్లబ్బు గది, నలభై విల్లాలు. ఉండేవాళ్ళు చమురు పనుల మీద వచ్చిన ఇంజనీర్లు, ఎక్కువమంది ఇంగ్లండ్ వాళ్ళు. వెనక గోడకి ఆనుకుని మా గదులు. నా గదిలో నాతోపాటు ఉండేది ప్లంబరు, సిరిసిల్ల వైపు మనిషి, నాకంటే నాలుగేళ్ళు చిన్న. నాది జగిత్యాల పక్క పల్లె. పదకొండేళ్ళు ఇద్దరం ఒకే స్టవ్ మీద వండుకున్నాం. నేను అన్నం, పప్పు, అతను కూర.

జనరేటర్ షెడ్డు పక్కన ఒక చిన్న గది ఉండేది. పైన డిష్‌లు, లోపల బీరువా నిండా డబ్బాలు, వైర్లు. అన్ని విల్లాలకీ టీవీ కేబుల్ అక్కణ్ణుంచే వెళ్ళేది. దాని తాళం నా దగ్గరే ఉండేది.

ఇంగ్లండ్ మ్యాచ్‌లు చూపించే హక్కు మా ప్రాంతం మొత్తానికీ పక్క దేశపు చానెల్ ఒకటి కొనుక్కుంది. వాళ్ళ డబ్బా, వాళ్ళ కార్డు ఉంటేనే బొమ్మ వస్తుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆడే మ్యాచ్‌లు ఇంగ్లండ్ టీవీల్లో రావట. జనం ఇళ్ళలో కూర్చుంటే మైదానాలు ఖాళీ అవుతాయని అక్కడ ఆపేస్తారట. బయటి దేశాలకి మాత్రం అమ్ముకుంటారు. పద్నాలుగో విల్లా పెద్దాయన ఈ సంగతి కనిపించిన ప్రతివాడికీ చెప్పి నవ్వేవాడు. ఆయన తమ్ముడి ఇల్లు మైదానానికి రెండు మైళ్ళేనట. అయినా అతనికి దొరకని మ్యాచ్‌ని ఈయన ఎడారిలో ఏసీ కింద కూర్చుని చూస్తున్నాడట. మాకప్పుడు సాయంత్రం ఆరు. మగ్రిబ్ నమాజు అయ్యేసరికి క్లబ్బు గది నిండిపోయేది.

తర్వాత సౌదీకీ ఆ పక్క దేశానికీ చెడింది. సరిహద్దు మూసేశారు. ఆ చానెల్ డబ్బాలు అమ్మకూడదన్నారు, కార్డులు రెన్యూ చేసే దుకాణాలన్నీ చేతులెత్తేశాయి. బజార్లోకి దొంగ డబ్బాలొచ్చాయి గానీ అవి సరిగ్గా గోల్ కొట్టే సమయానికే ఆగిపోయేవి. దొరలకి పిచ్చెక్కిపోయింది. మేము ముదీర్ అని పిలిచే మా మేనేజరు, లెబనాన్ మనిషి, నన్ను పిలిచి ఏదో ఒకటి చెయ్యమన్నాడు. ఏం చేశావని మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడమే ఆయన తెలివి.

నేను చేసింది ఇంతే. పైనుంచి పడే సిగ్నల్‌కి సరిహద్దులు ఉండవు కదా. కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్న మా బావమరిది అక్కడ తన ఇంటి పేరున కార్డు తీసి, ఇటు వచ్చేవాళ్ళ చేత పంపాడు. ఒక ఇంట్లో ఒక టీవీకని ఇచ్చిన కార్డు, నలభై విల్లాలకి పాకింది. కొన్ని వారాలకోసారి అది పనిచెయ్యడం మానేసేది. అప్పుడు వాడు కువైట్‌లో చానెల్ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాలి, ఇక్కడ నేను డబ్బాని ఒక ఫలానా చానెల్ మీద పెట్టి గంటసేపు కదపకుండా ఉంచాలి. గాలిదుమారం లేచిన మర్నాడు డిష్‌ని వేలెడు పక్కకి జరపాలి. అంతే పని.

ఆ కాస్త పనిని నేను మంత్రంలా దాచాను. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకునేవాణ్ణి. ప్లంబరు ఎప్పుడైనా టీ తెచ్చి తలుపు కొడితే ముందు చానెల్ మార్చి అప్పుడు తీసేవాణ్ణి. తప్పని అనుకోలేదు. గల్ఫ్‌లో చేతిలో పని ఉన్న ప్రతివాడూ అదే చేస్తాడు. నీకొచ్చింది పక్కవాడికీ వస్తే ఇద్దరిలో ఒకడు విమానం ఎక్కాలి. పక్కవాడి జీతం తక్కువైతే ఎక్కేది నువ్వే.

ఆ రోజుల్లో మా నోట ఎప్పుడూ రెండే మాటలు, నితాకత్, లెవీ. కంపెనీలో సౌదీవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కచూసి ఒక రంగు ఇస్తారు, అది నితాకత్. ఎరుపులో పడితే దేశంలో ఉండనిచ్చే పర్మిట్, ఇఖామా, ఎవడిదీ రెన్యూ కాదు, పచ్చలో ఉంటే బతికినట్టు. మాలాంటి పరాయివాళ్ళ తలకింతని కంపెనీ సర్కారుకి కట్టేది లెవీ. జనవరి వచ్చిందంటే అది పెరిగేది. అది పెరిగినప్పుడల్లా కంపెనీ కొందరిని ఇంటికి పంపేది.

అలాంటి ఒక జనవరిలో తీసేసేవాళ్ళ లిస్టు వచ్చింది. నా పేరు ఉంది, ప్లంబరు పేరు లేదు. ఫిబ్రవరి ఆఖరుకి నాకు ఫైనల్ ఎగ్జిట్ అన్నారు. ఆ పైన మళ్ళీ ఈ దేశం రావడం కల్ల. నలభై ఏడేళ్ళ ఎలక్ట్రీషియన్‌కి కొత్త వీసా ఎవడిస్తాడు? మా అమ్మాయి అప్పుడు కరీంనగర్‌లో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఇంకో రెండేళ్ళు నేను ఎక్కడో ఒకచోట నిలబడితే ఆ పిల్ల చదువు గట్టెక్కేది. నాకు కావలసింది ఆ రెండేళ్ళే, మేడలూ మిద్దెలూ కాదు.

దేవుడు చల్లగా చూశాడనుకున్నాను. ఒకప్పుడు నాతో కలిసి పనిచేసిన ఆర్మూరు ఆయన అభాలో ఒక పెద్ద హోటల్లో సూపర్‌వైజరుగా ఉన్నాడు. ఫోన్ చేశాడు.

"మా కంపెనీ పచ్చల ఉన్నది. ట్రాన్స్‌ఫర్ మీద ఒక ఎలక్ట్రీషియన్‌ని తీస్కుంటరట. నీ కఫీల్ తాన రిలీజ్ తెచ్చుకో. నెల కంటె ఎక్కువ ఆపలేను."

కఫీల్ అంటే మా వీసా యజమాని, మేం వేరేచోట చేరడానికి అతను వదులుతున్నట్టు ఇచ్చే కాగితమే రిలీజ్. అతని తరఫున సంతకం పెట్టే ముదీర్‌ని అడిగితే, పంపేసేవాణ్ణి ఎక్కడికి పంపితే నాకేం, వచ్చే వారం రా అన్నాడు. ఆ వారం అంతా నేల మీద నడవలేదు. అభా కొండల మీద ఊరట, ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుందట. నాలో నేనే మురిసిపోయాను గానీ ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ప్లంబరుతో కూడా అనలేదు. అతనికి చెబితే అతను ఇంకొకడికి చెబుతాడు, ఆ ఇంకొకడు నాకంటే ముందు అభా బస్సెక్కుతాడు.

వారం తిరక్కుండానే పద్నాలుగో విల్లా పెద్దాయన నన్ను దారిలో ఆపి భుజం తట్టాడు. నన్ను పంపించేస్తున్నారని విన్నాడట. ఊరుకోలేకపోయాడట. ఉత్తరం రాసి నలభై విల్లాల చేతా సంతకాలు పెట్టించి పైకి పంపించాడట. ముఖం వెలిగిపోతోంది ఆయనకి.

"మే దాకా ఉంటున్నావు. సాధించాం," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మే ఏమిటి అని అడిగాను. సీజన్ అప్పుడే కదా అయిపోయేది అన్నాడు. అంటే, ఆ ఉత్తరంలో వాళ్ళు అడిగింది నన్ను కాదు. బొమ్మని. ఆఖరి మ్యాచ్ అయ్యేదాకా నన్ను ఉంచమని అడిగారు. ఆ తర్వాత నేను ఏ గంగలో దూకినా వాళ్ళకి అభ్యంతరం లేదు.

పరుగున ముదీర్ దగ్గరికి వెళ్ళాను. రిలీజ్ ఇప్పుడు కుదరదన్నాడు. నాకు వేరే ఉద్యోగం ఉంది సార్, నెల లోపల చేరాలి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన ఉత్తరం చూపించాడు. పై ఆఫీసు వాళ్ళు దాని మీద మే వరకు అని రాసి పంపారు. నేను మొహం వేలాడేసుకుని నిలబడితే ఆయనకే జాలేసినట్టుంది.

"ఈ ఫుట్‌బాల్ పని ఇంకెవడికైనా వచ్చా? వస్తే చెప్పు, ఇప్పుడే సంతకం పెడతాను," అన్నాడు హిందీలో.

"ఎవరికీ రాదు సార్," అన్నాను.

అదీ నా నోరు. ఆరేళ్ళుగా అదే మాట అంటూ వచ్చాను కదా, ఆలోచించకుండానే వచ్చేసింది. పైగా, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, కొంచెం గర్వంగా కూడా అన్నాను.

గదికొచ్చి ఆలోచించాను. ప్లంబరుకి నేర్పిస్తే పది నిమిషాల పని. కానీ నేర్పించాక అభా వాళ్ళు మాట తప్పితే? అప్పుడు మే కూడా ఉండదు, అభా కూడా ఉండదు, రెంటికీ చెడతాను. ముందు అభా నుంచి కాగితం రానీ, చేతిలో పడ్డాక నేర్పిద్దాం అనుకున్నాను. ఆర్మూరు ఆయనకి ఫోన్ చేసి ఆఫర్ కాగితం పంపమన్నాను. ముందు నీ రిలీజ్ పంపు, అది చూడందే మా ఆఫీసు కాగితం ఇవ్వదు అన్నాడు. నేను బతిమాలాను, ఆయన విసుక్కున్నాడు. అలా పది రోజులు పోయాయి.

చివరికి ఇంగ్లిష్ పెద్దాయన దగ్గరికే వెళ్ళాను. వచ్చీరాని ఇంగ్లిష్‌లో, నాకు అభాలో పని దొరికింది, మీ ఉత్తరం వెనక్కి తీసుకోండి అని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, మనిషి చెడ్డవాడు కాదు. మే అంటే ఎంతలో వస్తుంది, నీలాంటి పనిమంతుడి కోసం వాళ్ళు ఆగరా, అడిగి చూడు అన్నాడు. ఆయన కోసం ఉద్యోగాలు ఆగుతాయి. ఆయన లోకంలో మనిషి కోసం కుర్చీ ఖాళీగా ఉంచుతారు. మా లోకంలో కుర్చీ వెచ్చదనం పోకముందే ఇంకొకడు కూర్చుంటాడు. ఇదంతా ఇంగ్లిష్‌లో చెప్పడం నాకు చేతకాలేదు. థాంక్యూ సార్ అని చెప్పి వచ్చేశాను.

మూడు రోజుల తర్వాత అభా నుంచి ఫోన్ వచ్చింది. నేపాల్ మనిషి చేరిపోయాడు. "నేనేం జెయ్యను, చెప్పు," అన్నాడు ఆర్మూరు ఆయన. మా అమ్మాయి ఇప్పుడు ఒక మెడికల్ షాపులో నిలబడి మందులు ఇస్తోంది. చదువు మానేస్తానని తనే అంది. అలా అనేదాకా ఇంట్లో అందరం నోళ్ళు మూసుకుని కూర్చున్నాం.

మార్చి, ఏప్రిల్ నెలల్లో నేనెలా పనిచేశానో నాకే తెలీదు. మ్యాచ్ నడుస్తుంటే గోడ అవతలి నుంచి అరుపులు వినిపించేవి. వైరు పీకి పారేద్దామని ఎన్నిసార్లు చేతులు దురద పెట్టాయో. పీకలేదు. పీకితే మే దాకా వచ్చే జీతం కూడా పోతుంది.

ఆఖరి ఆదివారం అన్ని మ్యాచ్‌లూ ఒకే గంటలో మొదలయ్యాయి. అప్పుడు రంజాన్, ఇఫ్తార్‌కి ముందే మొదలుపెట్టారని క్లబ్బు గదికి తెరలు దించారు. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. అయిపోయాక నన్ను లోపలికి పిలిచి చప్పట్లు కొట్టారు. పెద్దాయన తన టీమ్ ఉన్ని మఫ్లరు తెచ్చి నా మెడలో వేశాడు. మే నెల ఖోబర్‌లో ఉన్ని మఫ్లరు. ఫోటోలు తీసుకున్నారు. నేను నవ్వాను, ఏం చెయ్యను.

మర్నాడు పొద్దున ముదీర్ పాస్‌పోర్టు, టికెట్టు చేతికిచ్చి, వచ్చే సీజన్ కోసం ఆ పనేదో ఒక కాగితం మీద రాసి ప్లంబరుకి ఇచ్చి పొమ్మన్నాడు. రాశాను. అయిదు లైన్లు వచ్చింది. బావమరిది నంబరు కలిపితే ఆరు. ఆ కాగితం చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

గదిలో ప్లంబరు నా అట్టపెట్టెకి తాడు కడుతున్నాడు. కాగితం ఇచ్చాను. చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇదంత నాకెర్కనే అన్నా," అన్నాడు.

"ఎప్పటిసంది?"

"రెండేండ్లయితది. నువ్వు తలుపేసుకుంటవ్ గని కిటికీ సందులకెల్లి అంత కనవడ్తది. గంటసేపు ఒక్క చానెల్ మీదనే పెడ్తవ్. కువైట్ల మా మేనబావ గూడ ఉన్నడు, కార్డు ముచ్చట ఆయన చెప్పిండు."

"మరి ఒక్కనాడన్న అనలే?"

"ఏమనాలె? అది నీ పొట్ట. నాకొస్తదని తెలిస్తె ఇద్దరెందుకని నిన్ను తోలేస్తరు." తాడు బిగించి ముడి వేశాడు. "ఫిబ్రవరిల ముదీర్ నన్ను పిల్చిండు. ఫుట్‌బాల్ డబ్బా నీకొస్తదా అని మూడుసార్లు అడిగిండు. నిన్ను పంపెటందుకే అడుగుతున్నడనుకున్న. దేవుని తోడు, నాకేం రాదు సార్ అని చెప్పిన."

 అప్పుడు చెప్పాను అతనికి, అభా సంగతి, రిలీజ్ సంగతి, ఇంకెవడికైనా వస్తే ఇప్పుడే సంతకం పెడతానన్న ముదీర్ మాట. చెబుతూ చెబుతూ కోపం పట్టలేక అతన్ని నానా తిట్లూ తిట్టాను.  తిట్లయ్యాక అతను మెల్లగా అడిగాడు.

"అభాల నౌకరి ఉన్నదని నాకొక్క మాట జెప్తివా అన్నా?"

చెప్పలేదు. పదకొండేళ్ళు ఒకే గదిలో పడుకున్నాం, ఒకే కూర తిన్నాం. చెప్పలేదు.