చిన్నమ్మ వాకిట్లో వేసిన ఇంటిగ్రల్

పొద్దున కాఫీ తాగతా ఉంటే, మా హోసూరు ఇంట్లో మేడమీద బాడుగకుండే వాళ్ల పాప ప్లస్ టూ లెక్క ఒకటి పట్టుకోని దిగొచ్చింది. ఎక్స్ స్క్వేర్ మైనస్ రెండు ఎక్స్‌కి సున్నా నుంచి మూడు దాకా ఇంటిగ్రల్. "సున్నా వస్తా ఉంది అంకుల్, యాడో తప్పు చేసినాను" అనింది మొహం మాడ్చుకోని. నాకు నవ్వాగలేదు. ఇదే లెక్కతో కొట్లాడిన మనిషి ఒకామె రాయకోటలో మా ఇంట్లోనే ఉండేది.

ఆమె మా చిన్నమ్మ, చిన్నాయన పెండ్లాం. పెండ్లికి ముందు ప్లస్ టూ లెక్కల్లో తప్పింది. టీచర్ ట్రైనింగు చదవాలని ఆమెకు శానా ఆశ. నేను ప్లస్ టూకి వచ్చిన ఏడు, తానూ మళ్ల రాస్తానని తాతను అడిగింది. "ఈ ఒక్కతూరి రాయమ్మా. తప్పితే చదువు మాట ఇంగ ఎత్తద్దు" అనేసినాడు తాత.

ఆ ఇంటి చాకిరీలో పుస్తకం పట్టుకునే పొద్దు యాడిది? అందుకని కళ్లాపి చల్లినాక ముగ్గుపిండితోనే చదివేది. వాకిట్లో అడ్డంగా ఒక గీత, సున్నా నుంచి రెండు దాకా గీత కిందికి దిగి, ఆడనుంచి పైకి లేచి మూడు దాకా పోయే వంపు. కింది ముక్కకు ఎర్రరంగు, పైముక్కకు పసుపు. ఎదురింటామె బుగ్గలు నొక్కుకోని "ఇది ఏ పండగ ముగ్గమ్మా?" అంటే, "పరీక్ష పండగక్కా" అనింది.

"విస్తీర్ణం అడిగితే రెండూ కూడాల, ఉత్త ఇంటిగ్రల్ అడిగితే గీత కిందది మైనస్. ఎక్స్ క్యూబ్ బై మూడు మైనస్ ఎక్స్ స్క్వేర్‌లో మూడు వేస్తే తొమ్మిదిలో తొమ్మిది పోయె, సున్నా వేసినా సున్నానే" అని నేను పెద్ద పంతులు మాదిరి చెప్పేవాణ్ణి. ఒప్పుకుంటేనా! "కిందది గూడా నేను నడుం వంచి వేసిన రంగే కదప్పా. ఇంత వేసినాక ఏమీ లేదంటే ఎట్ల?" అనేది. అబ్బా, ఏం మొండిదో!

పరీక్షలో ఆ మాదిరి లెక్కే పడింది, విస్తీర్ణం కాదు, ఉత్త ఇంటిగ్రలే. బయటికొచ్చిన చిన్నమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ముందు కూడి రాసినాను. మళ్ల కొట్టేసి, నువ్వు చెప్పినట్ల సున్నా పెట్టినాను. నా చదువుకు నేనే సున్నా పెట్టుకున్నానేమో అప్పా" అనింది. సరిగ్గానే రాసినావు అని ఎంత చెప్పినా, ఫలితాలొచ్చే దాకా ఆమెకు ముద్ద దిగలేదు.

గట్టెక్కింది, అత్తెసరు మార్కులతో. ఆ పొద్దు తాత వక్కాకు నమలడం ఆపి, "ట్రైనింగు కృష్ణగిరిలో చదువుతావా, ధర్మపురిలోనా? నీకేది బాగుంటుందమ్మా?" అని అడిగినాడు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. ఆ మాట అడగడానికి తాతకు ఒక్క చిటికె పట్టింది. అది వినడానికి చిన్నమ్మ కాచుకోనుండిన ఏండ్లు ఎంత నిడివో, ఈ వయసులో ఇప్పుడు తెలుస్తా ఉంది నాకు.